ఏడు వేలు కడితే మూడు రోజుల్లో రీసెర్చ్ పేపర్ వేస్తారట, నమ్మొచ్చా?

మర్రిగూడ పోరడు:
అన్నా, మా మండలం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. రెండు ఎండాకాలాలు బండి మీద తిరిగి తెచ్చిన శాంపిళ్లు ఉన్నాయి. నిన్న ఒక జర్నల్ నుంచి "గౌరవనీయ ప్రొఫెసర్ గారూ" అని మెయిల్ వచ్చింది (నేనింకా స్కాలర్‌నే), ఏడు వేలు కడితే మూడు రోజుల్లో వేస్తారట. థీసిస్ టైం దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు సార్:
కట్టకు తమ్మీ. మూడు రోజుల్లో రివ్యూ ఎవరు చేస్తారు? మంచి జర్నల్ అయితే ఇద్దరు ముగ్గురు చదివి, తప్పులు పట్టి, నెలలకు నెలలు తిప్పుతారు. థీసిస్‌కు ముందు పేపర్ ఉండాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది, మీ యూనివర్సిటీ సొంత రూల్ ఏముందో కనుక్కో. యూజీసీ మంచి జర్నల్స్ అని పెట్టిన కేర్ లిస్టు కూడా 2025లో ఆగిపోయింది, ఆ పేరు చెప్తే పడిపోకు.

దేవరకొండ అక్క:
ఫీజు అడిగినంత మాత్రాన దొంగ జర్నల్ కాదు, మంచి ఓపెన్ యాక్సెస్‌వీ (ఎవరైనా ఫ్రీగా చదవగలిగేవి) అడుగుతాయి. అలాంటి జర్నల్స్ లిస్టు డీవోఏజే అని ఆన్‌లైన్‌లో ఉంటుంది, అందులో ఉందో లేదో వెతుకు. ఒకేసారి రెండు చోట్లకు మాత్రం పంపకు. నా పేపర్ మూడుసార్లు వెనక్కి వచ్చింది, ఒక రివ్యూయర్ బోర్ల లోతు ఎందుకు రాయలేదని అడిగితే మళ్లీ ఊరూరా పోయి రైతులను అడిగి రాసుకొచ్చాను.

మర్రిగూడ పోరడు:
లోతు నేనూ రాయలేదక్కా! రేపు పొద్దున్నే బండి తీయాలి.