కర్రోడి కాలు విరిగింది, ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది

అనంతపురం, ఇప్పుడు డల్లాస్:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి ఐదు వారాలైంది. ఊర్లో మా కర్రోడు, ఏడాదిన్నర నాటు కుక్క, కోతిని తరుముతూ మిద్దె మీద నుంచి దూకేశాడు. వెనక ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. పిండికట్టు వేసి ఆరు వారాలు కదలనివ్వొద్దన్నారు. రెండో రోజే కట్టు చివర దూది పీకేశాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వాణ్ని ఎత్తలేదు. వీడియో కాల్‌లో నా గొంతు వింటే చాలు, మూడు కాళ్ల మీద గెంతుతున్నాడు. టెన్షన్‌తో ఆఫీసులో పని సాగడం లేదు. ఇక్కడి నుంచి నేనేం చేయగలను?

ప్రొద్దుటూరు, న్యూజెర్సీ:
తమ్ముడూ, ముందు ఫోన్‌కు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమని అమ్మకు చెప్పు. నీ గొంతు వాడికి వినపడకూడదు. నీకు కష్టమే, కానీ వాడు గెంతిన ప్రతిసారీ అతుక్కుంటున్న చోట ఎముక కదులుతుంది.

మా కుక్కకు ముందు కాలు విరిగినప్పుడు నేను ఊర్లోనే ఉన్నాను. మొదటి రెండు వారాలు సులువు, నొప్పికి అదే పడుకుంటుంది. అసలు గండం మూడో వారం. వాపు తగ్గి, నొప్పి పోయి, బాగైపోయానని అది అనుకుంటుంది. మనమూ అనుకుంటాం. అప్పటికి ఎముక దగ్గర తయారైంది మెత్తటి ముద్దే, అది గట్టిపడటానికి ఇంకా వారాలు పడుతుంది. మాది సరిగ్గా అప్పుడే మంచం ఎక్కి దూకింది, మళ్లీ మొదటికొచ్చింది. ఎక్స్‌రే చూసి డాక్టర్ సరే అనేదాకా వదలొద్దు.

మన ఇళ్లలో తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు అద్దంలా ఉంటాయి. మూడు కాళ్ల కుక్కకు అవి నూనె పోసినట్టే. వాడు తిరిగే చోటంతా గోనె పట్టలు పరిచి, అంచుల మీద బరువు పెట్టమను. లేకపోతే వాటినీ పీకుతాడు. వెల్డింగ్ షాపులో జాలీ బోను చేయించండి, లేచి నిలబడి ఒక చుట్టు తిరిగేంత చాలు. బయటికి తీసుకెళ్లేటప్పుడు పాత తువ్వాలు కడుపు కింద నుంచి తీసి రెండు కొసలు పైకి పట్టుకుంటే బరువంతా చేతి మీదే ఉంటుంది, అమ్మ వంగే పని లేదు. కట్టుకు ప్లాస్టిక్ కవరు తొడిగి, లోపలికి రాగానే తీసేయాలి. ఉంచేస్తే లోపల చెమ్మ పట్టి చర్మం పుండవుతుంది.

రోజూ పొద్దున కట్టు కింద కనిపించే రెండు వేళ్లు చూడమను. గోళ్లు ఒకదానికొకటి దూరంగా జరిగితే వాపు వచ్చినట్టు. వేళ్లు చల్లబడినా, కట్టు వాసన వచ్చినా, ఉన్నట్టుండి కట్టు కొరకడం మొదలుపెట్టినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, బ్రూఫెన్ వేయనే వేయొద్దు, కుక్కకు అవి విషం.

కర్నూలు, హ్యూస్టన్:
వాణ్ని ఎప్పుడో ఒకప్పుడు తెచ్చుకుంటావు కాబట్టి ఇది ఇప్పుడే చెప్తున్నా. కుక్క విషయంలో అపార్ట్‌మెంట్ ఆఫీసు నోటిమాట నమ్మొద్దు.

మా దానికి మోకాలి ఆపరేషన్ అయింది. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కింద ఇల్లు ఇస్తామన్నారు, నెల గడిచినా ఇవ్వలేదు. 28 కిలోల కుక్కను ఎనిమిది వారాలు రోజుకు నాలుగుసార్లు ఎత్తుకుని దిగాను. రాత్రి బోనులో ఏడుస్తోందని పక్కవాళ్లు చెప్తే తలుపుకు నోటీసు అంటించారు. ఎవరైనా చూస్తారేమోనని మా ఆవిడ దాన్ని గోటితో గీకి గీకి తీసింది. ఆ రోజు ఆమె ముఖం నేను మరిచిపోలేను. ఖాళీ చేసేటప్పుడు తలుపు దగ్గర చిన్న మరకకు కార్పెట్ మొత్తం డబ్బు కోశారు. ఆ ఇంట్లో చేరిన రోజు తీసిన ఫోటోలు ఉన్నాయి కాబట్టి బతికాం. టెక్సాస్‌లో ఇల్లు ఖాళీ చేసి, కొత్త అడ్రస్ రాసిచ్చాక 30 రోజుల్లో డిపాజిట్ ఇవ్వాలి, లేదా దేనికెంత కోశారో లెక్క ఇవ్వాలి. మామూలు అరుగుదలకు కోయకూడదు. ఉత్తరం రాస్తేనే తిరిగిచ్చారు.

జమ్మలమడుగు, అట్లాంటా:
బోనులో ఆరు వారాలా? నాటు కుక్కకు పిచ్చెక్కుతుంది. వేపచెట్టు కింద పొట్టి గొలుసుతో కట్టేస్తే చాలు. మా తాత చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుతోనే (గుడ్డుసొన పూసి వేసే నాటు కట్టు) బాగైంది, అదీ అడిగి చూడండి. ఇక్కడికి తేవడం పెద్ద పనేం కాదు. 2014లో నేను తెచ్చినప్పుడు వ్యాక్సిన్ కాగితం చూసి పంపేశారు.

ప్రొద్దుటూరు, న్యూజెర్సీ:
అన్నా, గొలుసు వద్దు. పిల్లి కనిపిస్తే ఒక్క గుంజు గుంజుతాడు, కాలు తిరగబడుతుంది. తాతకు కదలొద్దంటే కదలడు, కర్రోడికి ఎవరు చెప్తారు? పైగా గుడ్డుసొన వాసనకు కుక్క కట్టు నాకకుండా ఉంటుందా? ఏదైనా అనుమానం వస్తే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఊర్లలో అయితే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

గుంతకల్లు, సియాటిల్:
2014 సంగతులు ఇప్పుడు చెల్లవు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాకు కుక్కల్ని తెచ్చే రూల్స్ మారాయి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, ముందు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), ఆ తర్వాతే రేబిస్ వ్యాక్సిన్. తర్వాత గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో రక్తపరీక్ష. అది లేకపోతే 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మనదే. ఏ ఎయిర్‌పోర్టులో పడితే ఆ ఎయిర్‌పోర్టులో దించనివ్వరు కూడా. అందుకని కాలు బాగయ్యాక మొదటి పని చిప్ వేయించడం.

బోను సంగతి. పిచ్చెక్కేది పని లేక, బోను వల్ల కాదు. పాత పంచెకు ముడులు వేసి, ఒక్కో ముడిలో ఉడికిన కోడిముక్క గానీ, ఉప్పు లేకుండా ఉడకబెట్టిన నాలుగు బుడ్డలు (వేరుశనగలు) గానీ పెట్టండి. మాది ఒక్కో పంచెతో అరగంట కుస్తీ పట్టేది. ఎండాకాలం పెరుగు గిన్నెలో గడ్డకట్టించి పెడితే నాకుతూ పడుకుంటుంది. తిండి మాత్రం కాస్త తగ్గించాలి, లావెక్కితే విరిగిన కాలి మీదే భారం.

అనంతపురం, ఇప్పుడు డల్లాస్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాక ఈ రోజు వాడు లేవలేదు. పంచె ముడులు విప్పుతూ అలాగే నిద్రపోయాడని అమ్మ ఫోటో పంపింది, నోట్లో ఒక ముడి అలాగే ఉంది. వేళ్లు కూడా దగ్గరగానే ఉన్నాయంది. బోనుకు కొలతలు ఎంత చెప్పాలి?

ప్రొద్దుటూరు, న్యూజెర్సీ:
ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి అరడుగు కలపమను. ఎత్తు తల మీద నాలుగు వేళ్లు చాలు. తలుపు పక్కకు తెరుచుకునేలా చేయించండి, కింద గడప పెట్టొద్దు. గడప దాటడానికే వాడు గెంతుతాడు.