విదేశాల నుంచి హాబీ టూల్స్ తెప్పించుకోవడం గిట్టుబాటేనా? వైజాగ్ వాళ్లు మీ మాట చెప్పండి

జలఉష_మోడల్ (ఆరిలోవ):

ఓడ నమూనాలు చేసే మా చిన్న బృందంలో ఈ వాదన ఎంతకీ తెగడం లేదు. కొత్తగా చేరినవాళ్లు చేతికి పని అలవాటు కాకముందే జపాన్ నిప్పర్ (చిన్న భాగాలు కత్తిరించే కట్టర్) అనీ, అమెరికా ఉలుల సెట్టు అనీ ఆర్డర్ పెట్టేస్తున్నారు. తీరా పార్సిల్ వచ్చేసరికి కట్టాల్సిన మొత్తం చూసి నీరుగారిపోతున్నారు. 1948 మార్చిలో నెహ్రూ మన ఊళ్లో నీళ్లలోకి దింపిన 'జల ఉష' లాంటి ఓడను చెక్కతో మళ్లీ కట్టాలని ఉత్సాహంగా వచ్చిన కుర్రాడు ఒక పార్సిల్ దెబ్బకు వెనక్కి పోతే నాకు నిజంగా బాధేస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. అంచు పదును మీదో, సన్నటి కొలత మీదో పని మొత్తం ఆధారపడే టూల్స్ ఎవరికైనా ఒకటో రెండో ఉంటాయి. బయటి నుంచి తెప్పించుకుంటే వాటినే తెప్పించుకోవాలి. మిగతావన్నీ దేశంలో కొనుక్కోవడమే మేలు.

లెక్క చూడండి. వస్తువు ధర 5,000 రూపాయలు, షిప్పింగ్ 2,000 అనుకుందాం. కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది 5,000 మీద కాదు, 7,000 మీద. రవాణా ఖర్చు కూడా విలువలో భాగమే. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. మూల సుంకం 10 శాతం ఉన్న వస్తువైతే 700. దాని మీద సాంఘిక సంక్షేమ సర్‌చార్జి పదో వంతు, అంటే 70. ఈ మొత్తం 7,770 మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ), అంటే దాదాపు 1,399. అన్నీ కలిపితే సుంకం 2,169 రూపాయలు, శాతంలో 30.98. ఇంతటితో అయిపోదు. కార్డు వాళ్లు విదేశీ మార్కప్ కింద 3.5 శాతం తీసుకుంటే 245, దాని మీద మళ్లీ జీఎస్టీ. మన బదులు సుంకం ముందే కట్టినందుకు కొరియర్ కంపెనీ వేసే చార్జీ ఒకటి, దానికీ జీఎస్టీ. చివరికి 5,000 రూపాయల టూల్ ఇంటికొచ్చేసరికి పదివేలకు దగ్గర పడుతుంది.

రేట్లు వస్తువును బట్టీ బడ్జెట్‌ను బట్టీ మారుతుంటాయి. సొంత వాడకానికి తెప్పించిన పార్సిల్‌ను కస్టమ్స్ రేట్ల పట్టికలో 9804 అనే వేరే హెడ్డింగు కింద లెక్కగట్టడం కూడా ఉంది. ఆ హెడ్డింగులో మూల సుంకం 35, ఐజీఎస్టీ 28 పడ్డ రోజుల్లో అన్నీ కలిపి 77.28 శాతం తేలేది. కాబట్టి ఆర్డర్ పెట్టే రోజున ఏ రేటు నడుస్తోందో చూసుకోకుండా డబ్బు కట్టొద్దు.

ఎంవీపీ_గడియారాలు:

లెక్క కరెక్టే, కాదనను. కానీ మీరు తేల్చిన మాటతో నేను ఒప్పుకోలేను.

నేను పాత చేతి గడియారాలు బాగు చేస్తాను, ఎక్కువగా హెచ్ఎంటీలే. మా నాన్నగారి జనతా కూడా వాటిలో ఉంది. వాటిలో స్క్రూ తల ఎంత చిన్నదో చూసినవాళ్లకే తెలుస్తుంది. చౌక స్క్రూడ్రైవర్ మొన మెత్తటి ఉక్కు. కొంచెం బిగువైన స్క్రూ తగిలితే మొన మెలి తిరుగుతుంది, లేదంటే గాడిలోంచి జారి పక్కనున్న బ్రిడ్జి (చక్రాలను పట్టి ఉంచే లోహపు పలక) మీద గీత పడుతుంది. ఆ గీత ఇక పోదు. జనతా విడిభాగాలు ఇప్పుడు ఎవరూ కొత్తగా తయారు చేయడం లేదు. స్విట్జర్లాండ్‌లోని బెర్జియాన్ స్క్రూడ్రైవర్‌కు బ్లేడు విడిగా దొరుకుతుంది. మొన అరిగితే దాన్ని మారిస్తే చాలు, పిడి ఏళ్ల తరబడి అదే ఉంటుంది.

మీరు ఒక్క ఆర్డర్ ఖర్చే చూస్తున్నారు. చౌక టూల్ పాడుచేసిన వస్తువు ఖరీదు మీ లెక్కలో ఎక్కడా లేదు.

గాజువాక_ఫిట్టర్:

బాబూ, ఏటి ఈ లెక్కలు? షిప్‌యార్డులో జీవితమంతా ఇనుముతో పనిచేసినోడిని, నా మాట కూడా వినండి.

చెక్క చెక్కే ఉలికి జపాన్ దాకా ఎందుకు? ఆటోనగర్‌లో పాత లారీ కమాన్ పట్టీ ముక్క దొరుకుద్ది. అది స్ప్రింగు స్టీలు, ఈఎన్45 రకం. కొలత ప్రకారం కోసి గ్రైండర్ మీద ఆకారం తేవాలి. కొలిమిలో ఎర్రగా కాల్చి అయస్కాంతం పెట్టి చూడాలి. అయస్కాంతం అంటుకోవడం మానేసిందంటే ఇంకాస్త వేడి ఇచ్చి నూనెలో ముంచాలి. నీళ్లలో ముంచితే పగులుద్ది, అది గుర్తుంచుకోండి. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటది. పైపొర గీకి తెల్లగా చేసి మళ్లీ నిదానంగా వేడి చేస్తే ఎండుగడ్డి రంగు వస్తది, సుమారు 200 నుంచి 230 డిగ్రీల దగ్గర. ఆ రంగు రాగానే ఆపీయాలి. తర్వాత సానరాయి మీద ఓపిక ఉన్నంతసేపు పట్టండి. ఆ అంచు మీరు కొనే దానికి ఏమీ తీసిపోదు.

ఇంకో సంగతి. మన జలంధర్, లూథియానాల నుంచి చేతి పనిముట్లు ఓడలెక్కి బయటి దేశాలకు పోతాయి. ఇక్కడ చేసిన సరుకునే అక్కడి పేరు చూసి ఎక్కువ పెట్టి తెప్పించుకుంటే ఎలాగు? కటింగ్ ప్లయర్ కావాలంటే నాసిక్ టపారియాది పట్టుకోండి.

పెందుర్తి_చెక్కబొమ్మ:

బాబాయ్ గారూ, మీరు చెప్పింది చదువుతుంటే చేతులు కట్టుకుని మీ పక్కన నిలబడి నేర్చుకోవాలనిపించింది. కానీ ఈ దారి అందరికీ తెరిచి లేదండి.

నేను అంకుడు కర్ర మీద చిన్న బొమ్మలు చెక్కుతాను. అంకుడు మీద ఇష్టం నాకు ఏటికొప్పాక లక్క బొమ్మలు చూసి కలిగింది. సన్నటి వంపు ఉలి ఒకటి కావాలని వర్క్‌షాపులకు వెళ్లి అడిగాను. ఒక్క పీసు అంటే ఎవరూ తలెత్తి చూడలేదు, యాభై చేయించుకుంటే చేస్తామన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. మెషిన్ సెట్ చేసే టైమే వాళ్లకు డబ్బు. ఇంకోచోట "ఎవరికమ్మా, ఇంట్లో మగవాళ్లని పంపించు" అన్నారు. హార్డ్‌వేర్ షాపుల్లో వడ్రంగి ఉలులు అరంగుళం, ముప్పావు అంగుళం పుష్కలంగా ఉంటాయి. మూడు మిల్లీమీటర్ల గోటి ఉలి అంటే ఆ మాటే కొత్తగా చూస్తారు.

అందుకే డబ్బు పోసి తెప్పించుకున్నాను. స్వీడన్‌లో చేసే మోరా 120 చాకు, స్విట్జర్లాండ్‌ 'ఫైల్' (Pfeil) కంపెనీ ఉలి ఒకటి. నేను కట్టింది నాకు సరిపడే కొలతలో, ఎవరినీ బతిమాలకుండా చేతికొచ్చిన పనిముట్టుకి. ఊళ్లో దొరికేదాన్ని బయట కొన్నట్టయితే మీ మాట నాకు తగిలేది. ఇది ఊళ్లో దొరకదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. మన సముద్రపు గాలికి కార్బన్ స్టీలు ఎంత గొప్పదైనా తుప్పు పడుతుంది. పని అవగానే తుడిచి, పల్చగా మెషిన్ ఆయిల్ రాసి, సిలికా జెల్ పొట్లంతో మూత డబ్బాలో పెట్టండి. ఈ ఖర్చూ శ్రమా కూడా లెక్కలో వేసుకోవాలి. పొడి గాలి ఊళ్లలో ఉండేవాళ్ల రివ్యూలు చదివి మోసపోకండి.

కొత్త_కుర్రాడు_మద్దిలపాలెం:

నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నాకు ప్లాస్టిక్ మోడల్ కిట్లకు జపాన్ నిప్పర్ కావాలి, మా క్లాసులో ఇంకో నలుగురికీ కావాలి. అందరం కలిపి ఒకేసారి ఆర్డర్ పెడితే తగ్గదా అన్నా? సెల్లర్ 'గిఫ్ట్' అని రాసి, విలువ తక్కువ వేసి పంపుతానంటున్నాడు.

జలఉష_మోడల్ (ఆరిలోవ):

తమ్ముడూ, రెండో దానికి ముందు సమాధానం చెప్తాను. అది వద్దు. బహుమతి పేరుతో 5,000 రూపాయల దాకా ఉన్న మినహాయింపును 2019 డిసెంబరులోనే ఎత్తేశారు, రాఖీ, ప్రాణాధార మందులు తప్ప. గిఫ్ట్ అని రాసినా సుంకం పడుతుంది. విలువ తక్కువ చూపిస్తే కస్టమ్స్ వాళ్లు ఇన్వాయిస్, పేమెంట్ రుజువు అడుగుతారు. పార్సిల్ అక్కడే ఆగుతుంది, జరిమానా కూడా పడొచ్చు. పట్టుబడితే నష్టపోయేది నువ్వు, సెల్లర్ డబ్బు అప్పటికే తీసేసుకుని ఉంటాడు.

కలిపి తెప్పించడం విషయానికొస్తే, లెక్క ప్రకారం లాభమే. సరుకు 15,000, షిప్పింగ్ 2,500 అయితే 17,500 మీద 30.98 శాతం, అంటే దాదాపు 5,422 సుంకం. మొత్తం 22,922. ఇందాకటి ఉదాహరణలో 5,000 వస్తువు సుంకంతో 9,169 అయింది, అంటే 1.83 రెట్లు. ఇక్కడ 1.53 రెట్లే. సుంకం శాతం మారలేదు, షిప్పింగ్ వాటా తగ్గింది. చిన్న ఆర్డర్‌ను మింగేది ఎక్కువగా షిప్పింగే.

కానీ ఒక మెలిక ఉంది. సొంత వాడకం వరకైతే దిగుమతి ఎగుమతి కోడ్ అక్కర్లేదు. ఒకే రకం నిప్పర్లు ఐదు ఒకరి పేరు మీద, ఒకరి కేవైసీతో వస్తే, అది సొంత వాడకమేనా అని అధికారికి అనుమానం రావడంలో తప్పు లేదు. కాబట్టి నీకు కావలసిన వేరువేరు వస్తువులు కొంతకాలం జాబితా రాసుకుని ఒకేసారి తెప్పించుకో. నలుగురి నిప్పర్లు నీ పేరు మీద వద్దు.

ఇంకొకటి, ఆ నిప్పర్ ప్లాస్టిక్‌కు మాత్రమే. జపాన్ ఒంటి అంచు నిప్పర్లు గట్టి ఉక్కు, అంచు చాలా పల్చన. ఇత్తడి తీగ కోసినా, కోస్తూ మెలి తిప్పినా అంచు ఊడుతుంది. మొదటి ఆరునెలలు మామూలు నిప్పర్‌తో చేసి చెయ్యి కుదుర్చుకో, తర్వాత కొను.

అక్కయ్యపాలెం_ఎయిర్‌బ్రష్:

బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. కొరియర్ వాళ్లు చూసేది తూకం ఒక్కటే కాదు, పెట్టె పరిమాణం కూడా. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 40, 30, 30 పెట్టె అంటే లోపల రెండు కిలోలే ఉన్నా 7.2 కిలోల చార్జీ. అందుకే కంప్రెసర్ లాంటివి బయటి నుంచి అస్సలు వద్దు. థిన్నర్, లాకర్ మంటలంటుకునే సరుకు, విమానంలో పార్సిల్‌గా తీసుకోరు.

కరెంటు టూల్స్ కూడా ఆలోచించుకోండి. అమెరికా టూల్ 120 వోల్టులు, జపాన్‌ది 100. మన 230లో నేరుగా గుచ్చితే మోటారు కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొంటే దాని ఖరీదు, బరువు వేరే. చేతి టూల్స్‌కు ఈ బాధ లేదు.

పెందుర్తి_చెక్కబొమ్మ:

అమెరికాలో ఉన్నవాళ్లు ఎవరైనా ఊరికొస్తుంటే సూట్‌కేసులో తెమ్మనడం ఇంకో దారి. వచ్చేవాళ్ల సుంకంలేని బ్యాగేజీ పరిమితి లోపల ఉంటే కొరియర్, సుంకం రెండూ తప్పుతాయి. 2016 బ్యాగేజీ నియమాల్లో అది 50,000 రూపాయలు ఉండేది, ఇప్పుడెంతో చూసుకోండి. అయితే ఉలులు, చాకులు చెకిన్ పెట్టెలోనే పెట్టమని గట్టిగా చెప్పండి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు.

ఎంవీపీ_గడియారాలు:

అందరికీ అమెరికాలో బంధువులు ఉండరు మేడం. నాకు లేరు. అందుకే సుంకం కట్టడం తప్పదు, కడతాను కూడా.

జలఉష గారూ, మీరు అసలు చెప్పాల్సింది ఒకటి వదిలేశారు. వాపసు. ఇక్కడి షాపులో కొన్న టూల్ బాగోకపోతే తీసుకెళ్లి కౌంటర్ మీద పెడతాం. బయటి నుంచి వచ్చిన ట్వీజర్స్ మొనలు కలవకపోతే తిరిగి పంపే ఖర్చు టూల్ ధరను మించుతుంది. కట్టిన సుంకం వెనక్కి రావడానికి కస్టమ్స్ చట్టం 74వ సెక్షన్ కింద డ్రాబ్యాక్ ఉంది, కానీ చిన్న పార్సిల్ కోసం ఆ కాగితాల వెంట ఎవరు తిరుగుతారు? కాబట్టి నా వైపు వాదిస్తూనే చెప్తున్నాను: తెలియని బ్రాండు బయటి నుంచి వద్దు. పేరున్న కంపెనీ, పాత అమ్మకందారు, పార్ట్ నంబరు సరిచూసుకున్న వస్తువు అయితేనే.

జలఉష_మోడల్ (ఆరిలోవ):

ఇది సబబుగా ఉంది. పెందుర్తి మేడం చెప్పిన గోటి ఉలి, మీ స్క్రూడ్రైవర్ నేను మొదట చెప్పిన ఆ 'ఒకటో రెండో'లోకే వస్తాయి. మనకు తేడా ఉన్నది మిగతా వాటి దగ్గర. సుత్తి, క్లాంప్, ఆకురాయి, పట్టకారు, స్టీలు స్కేలు, ఇసుక కాగితం లాంటివి బయటి నుంచి కొన్నవాళ్లు నాకు ఒక్క గట్టి కారణం చెప్పండి. బ్రాండు మోజు తప్ప నాకింకేం కనబడటం లేదు.

ఎంవీపీ_గడియారాలు:

ఆకురాయి విషయంలో మాత్రం నేను మీతో లేను. చాలా సన్నటి పళ్ల సూది ఆకురాళ్లలో స్విస్ వాటికీ ఇక్కడివాటికీ తేడా చేతికే తెలుస్తుంది. మిగతావాటికి సరే.

గాజువాక_ఫిట్టర్:

పెందుర్తి అమ్మా, నువ్వు చెప్పింది నిజమే. ఒక్క పీసు అంటే షాపోడు చెయ్యడు, నేనూ చూశాను. ఆ మూడు మిల్లీమీటర్ల వంపు ఉలి కొలతలు కాగితం మీద గీసి ఇక్కడ పెట్టు, పక్క నుంచి ఒకటి, మొన వైపు నుంచి ఒకటి. పట్టీ ముక్క నా దగ్గరుంది, నేను చేస్తాను. డబ్బులు వద్దు.

పెందుర్తి_చెక్కబొమ్మ:

బాబాయ్ గారూ, రేపే గీసి పెడతాను. వంపు లోతు స్విస్ ఉలితో కొలిచి రాస్తాను. మీ ఉలి వచ్చాక రెండింటినీ ఒకే అంకుడు ముక్క మీద, నారకు అడ్డంగా, నిలువుగా చెక్కి కోత అంచుల ఫొటోలు ఇక్కడే పెడతాను. ఎన్ని బొమ్మల తర్వాత ఏది సాన అడుగుతుందో కూడా రాస్తాను. నా ఉలి ఖరీదు సుంకంతో సహా పక్కన పెడతాను. జలఉష గారూ, అంతవరకు ఈ థ్రెడ్ మూసేయకండి.