మద్రాసు నుంచి ఢిల్లీకి విమానంలో ఎయిర్ రైఫిల్, ఎట్టా తీసుకుపోవాలి?

కావలి నాన్న:
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడుతుంది. ఇన్నాళ్ళూ పోటీలుంటే నెల్లూరు పోయి జీటీ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కేవాళ్ళం, పెట్టె సీటు కింద తోసి దాని మీదే కాళ్ళు పెట్టుకుని పడుకునేవాణ్ణి. ఈసారి పరీక్షకూ పోటీకీ నడుమ రెండే రోజులు, అందుకని విమానం టికెట్లు కొన్నా. పోటీ తుగ్లకాబాద్ కర్ణీసింగ్ రేంజిలో. నేను విమానం ఎక్కడం ఇది రెండోసారి, అదీ తుపాకీతో. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రైఫిల్ నాలుగున్నర కిలోలు, పెట్టె ఇంకో నాలుగు. షూటింగ్ జాకెట్, ప్యాంటు, బూట్లు కలిపితే అంతకంతా అవుతాయి. టికెట్ మీద మనిషికి 15 కిలోలే. రైఫిల్‌కుండే గాలి సిలిండర్‌లో గాలి ఉంచొచ్చా? పెల్లెట్ల (దాంట్లో వేసే చిన్న గుళ్ళ) డబ్బాలు ఎందులో పెట్టాలి? మా బావమరిదేమో "వేటకు పోతున్నారనుకుని లోపలేస్తారు బావా" అని నవ్వుతున్నాడు. వాడికేం, వాడు రావడం లేదుగా.

దర్శి మాజీ జవాను:
మీ బావమరిదికి చెప్పండి, ఈ దేశంలో వేట 1972 వన్యప్రాణి చట్టంతోనే అయిపోయింది. మా వైపు చేలల్లో పందులు పడి తొక్కేస్తున్నా అటవీ శాఖ అనుమతి లేకుండా కాల్చడానికి లేదు. కౌంటర్ దగ్గర నవ్వులాటకైనా ఆ మాట ఎత్తొద్దు.

మీది .177 (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) ఎయిర్ రైఫిలే కదా. గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ దాటకపోతే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కొన్న బిల్లు, పోటీ ఎంట్రీ కాగితం అసలువి దగ్గర పెట్టుకోండి.

నా కథ వేరు. పదవీ విరమణ తర్వాత పుణెలో బ్యాంకు గన్‌మన్ పని దొరికింది. 12 బోరు తుపాకీ, తూటాలు సర్దుకుని మద్రాసు పోయా. తూటాలు 50 దాటలేదు, బరువు 5 కిలోలు దాటలేదు, అన్నీ లెక్క ప్రకారమే. కౌంటర్‌లో లైసెన్సు తిరగేస్తే ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లుతుందని ఉంది! పుణె దాకా ఎందుకు, తడ దాటినప్పుడే నేను తప్పులో ఉన్నానన్నమాట. పెద్దమనుషులు, కేసు పెట్టకుండా వదిలేశారు. నన్ను దించి వెనక్కి పోతున్న మా తమ్ముణ్ణి సూళ్ళూరుపేట దగ్గర నుంచి మళ్ళీ పిలిపించుకున్నా. తుపాకీ లేని గన్‌మన్‌ని ఎవడు పెట్టుకుంటాడు? ఆ ఉద్యోగం పోయింది. లైసెన్సు తుపాకీ వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే విమానం సంగతి తర్వాత, ముందు దేశమంతా చెల్లుతుందో లేదో చూసుకోండి.

నెల్లూరు షూటర్:
అన్నా, సిలిండర్ విప్పేసి గాలి మొత్తం వదిలేయండి. మీటర్ సున్నా చూపించాలి. రేంజిలో మళ్ళీ నింపుకోవచ్చు. సిలిండర్, పెల్లెట్లు అన్నీ చెక్-ఇన్ సామానులోనే. చేతి సంచిలో పిల్లల బొమ్మ తుపాకీని కూడా రానివ్వరు.

ఆన్‌లైన్ చెక్-ఇన్ చేసుకుని నేరుగా లోపలికి పోదామనుకోకండి. కౌంటర్‌కు పోయి, పెట్టె బెల్టు మీద పెట్టకముందే "ఇందులో స్పోర్ట్స్ ఎయిర్ రైఫిల్ ఉంది" అని చెప్పండి. ఒక ఫారం మీద సంతకం తీసుకుంటారు, భద్రతా సిబ్బంది తెరిపించి చూస్తారు. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి, పెద్ద బ్యాగులో వేసి పంపేస్తే ఇక అంతే. కొన్ని విమానాల వాళ్ళు ఆయుధానికి విడిగా డబ్బులు తీసుకుంటారు, ముందే ఫోన్ చేసి అడగండి. మూడు గంటల ముందు వెళ్ళండి. బరువంటారా, ఇద్దరికీ ఒకే టికెట్ అయితే మీ 15 కూడా కలపమని అడగండి. మీకేముంటాయి, రెండు చొక్కాలు.

ఆత్మకూరు - డెన్వర్:
ఇక్కడ వేట తుపాకీతో విమానం ఎక్కడం మామూలే. నవంబరులో దుప్పి వేటకు పోయేవాళ్ళ పెట్టెలు వరసగా కనిపిస్తాయి. అయినా పద్ధతి అదే: గుండు లేకుండా, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్‌లో చెప్పి. చెప్పకుండా చేతి సంచిలో తెచ్చి 2023లో అమెరికా మొత్తం మీద విమానాశ్రయాల్లో పట్టుబడ్డ తుపాకులే 6,737. ఎక్కువ భాగం గుండు నింపినవే! నేను మాత్రం కొనలేదు, మా అమ్మకు తెలిస్తే ఫోన్‌లోనే ఏడుస్తుంది.

కావలి నాన్న:
పోయొచ్చాం. మద్రాసులో పెట్టె తెరిపించినాయన రైఫిల్ కంటే ఎక్కువసేపు మా అమ్మాయి జాకెట్టే చూశాడు, ఇంత మందమా అని. ఢిల్లీలో సామాను బెల్టు రెండుసార్లు ఖాళీ అయినా పెట్టె రాలేదు. నా గుండె జారిపోయింది. తీరా చూస్తే ఆయుధాలు బెల్టు మీద వేయరట, ఒకతను చేత్తో పట్టుకొచ్చి ట్యాగు చూసి ఇచ్చాడు. ఈ ముక్క మీలో ఒక్కరూ చెప్పలేదు!

దర్శి మాజీ జవాను:
అదంతా సరేనయ్యా, స్కోరు చెప్పవేంది?

కావలి నాన్న:
612.4. మూడో సిరీస్‌లో (పది గుళ్ళకు ఒక సిరీస్) ఒక గుండుకు 8.9 మాత్రమే పడింది. దాన్నే తలచుకుంటూ వచ్చేటప్పుడు నెల్లూరు దాకా నాతో మాట్లాడలేదు.