ఫోన్ లాక్కుంటే పిల్లల దిగులు పోతుందా?

ఇర్వైన్ అమ్మ:
మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఆర్నెల్లుగా మాటలు తగ్గించేసింది. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంది, తినదు. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేద్దామంటారు మా ఆయన. మా ఊళ్లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలోనే సైకాలజీ ప్రొఫెసర్ క్యాండిస్ ఆడ్జర్స్ ఉన్నారు. ఈ తరం పిల్లల మానసిక సమస్యలకు సోషల్ మీడియానే కారణమని రుజువు కాలేదంటారావిడ. అదే కారణమనే అమెరికన్ సైకాలజిస్టు జొనాథన్ హైట్ వాదనను 2024 మార్చిలో నేచర్ పత్రికలో గట్టిగా తప్పుపట్టారు కూడా. ఎవరి మాట వినమంటారు?

లెక్కల మాస్టారు:
ఆడ్జర్స్ మాటే వినండమ్మా. కాకి వాలగానే తాటిపండు రాలితే, రాల్చింది కాకేనా? ఆవిడ బృందం నార్త్ కరోలినాలో 10–15 ఏళ్ల పిల్లలు దాదాపు 400 మందికి రెండు వారాలపాటు ఫోన్లకే ప్రశ్నలు పంపి రోజూ ఆరా తీసింది. ఫోన్ ఎక్కువ వాడిన రోజున దిగులు ఎక్కువైందనడానికి ఆధారం పెద్దగా దొరకలేదు. 2019లో వచ్చిన పరిశోధన ఇది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 3,55,358 మంది పిల్లల లెక్కలు తీస్తే, వాళ్ల మానసిక స్థితిలోని తేడాల్లో డిజిటల్ వాడకం వాటా మహా అయితే 0.4 శాతం.

నైట్‌డ్యూటీ నర్సు:
ఆ 0.4 చూపించి ఎంతకాలం జోకొడతారు మాస్టారూ? టీవీ, కంప్యూటర్, సోషల్ మీడియా అన్నీ ఒకే లెక్కలో వేశారని, సోషల్ మీడియాను, ఆడపిల్లలను విడిగా చూస్తే సంబంధం ఇంకా బలంగా కనిపిస్తుందని హైట్, మరో సైకాలజిస్టు జీన్ ట్వెంగీ జవాబిచ్చారుగా. ఉప్పూ కప్పురం కలిపి తూస్తే ఏం తెలుస్తుంది? అయినా రెండు వారాల్లో ఏం బయటపడుతుంది, ఏళ్ల తరబడి నిద్ర చెడితే కదా తెలిసేది!

మెల్‌బోర్న్ బావ:
ఇక్కడ 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా అకౌంట్లు బంద్. మావాడు రెండు రోజులు అలిగాడు, తర్వాత కజిన్ అకౌంట్‌తో దూరాడు.

లెక్కల మాస్టారు:
నర్సమ్మా, రెండు వారాలు తక్కువే, ఒప్పుకుంటాను. ఆడ్జర్స్ కూడా ఆ యాప్‌లను వెనకేసుకు రావట్లేదు, వాటిని చాలా మార్చాలనే రాశారు. కాకపోతే ముందే మనసు బాగాలేని పిల్లలు వాటిని ఎక్కువగానో, వేరే తీరులోనో వాడతారంటారు. అంటే దిగులే ముందు రావచ్చు. అలాంటప్పుడు తాళం వేస్తే ఏం లాభం?

ఇర్వైన్ అమ్మ:
మాస్టారూ, మీ చివరి మాట చదివి నిన్న అమ్మాయి పక్కన పడుకున్నాను. చాలాసేపటికి నోరు విప్పింది. దాని ఒక్కగానొక్క స్నేహితురాలు జనవరిలో టెక్సస్ వెళ్లిపోయిందట. రోజూ రాత్రి వాయిస్ మెసేజ్‌లు పంపుకుంటారట. ఆ సంగతి కూడా నాకు తెలియదు. స్కూల్ కౌన్సిలర్‌కు మెయిల్ పెట్టాను. ప్రస్తుతానికి ఫోన్ రాత్రి పదింటికి హాల్లో ఛార్జింగ్‌కు. బీరువా మాట మా ఆయన ఇంకా వదల్లేదు.

నైట్‌డ్యూటీ నర్సు:
పది కాదక్కా, తొమ్మిదిన్నర చెయ్యి. ఆ వాయిస్ మెసేజ్‌లేవో భోజనాలకు ముందే పంపుకోమను.