అప్‌డేట్: పచ్చళ్ళ యూనిట్‌కి లోన్ వచ్చింది

కావలి పక్కన మా ఇంట్లోనే రొయ్యల పచ్చడి, ఆవకాయ పెట్టి అమ్ముతున్నాం, మిషన్లకి గవర్నమెంట్ డబ్బు ఏమైనా వస్తుందా అని అడిగా కదా, మొత్తానికి పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఫుడ్ యూనిట్లకి లోన్‌తో పాటు సబ్సిడీ ఇచ్చే సెంట్రల్ గవర్నమెంట్ స్కీము) కింద పని అయింది. 8 లక్షల ప్రాజెక్టు, మన చేతి నుంచి 10 శాతం అంటే 80 వేలు, సబ్సిడీ 35 శాతం అంటే 2.80 లక్షలు. కానీ ఆ సబ్సిడీ మన చేతికి రాదబ్బా, బ్యాంకులోనే మన పేరు మీద పెట్టి 3 ఏళ్ళు కిస్తీలు సరిగ్గా కట్టి యూనిట్ నడిపితే అప్పుడు లోన్‌లో తగ్గిస్తారు, నేనేమో చేతికిస్తారనుకుని షెడ్డు రేకులకి లెక్కలు కూడా వేసుకున్నా.

ఒకాయన ఫైలు కదిలిస్తా 15 వేలివ్వు అన్నాడు, ఇయ్యలా. ఈ స్కీములో అప్లై చేసేవాళ్ళకి సాయం చెయ్యడానికి పెట్టిన జిల్లా రిసోర్స్ పర్సనే ప్రాజెక్టు రిపోర్టు రాసిచ్చాడు, లోన్ సాంక్షన్ అయితే ఆయనకి ఫీజు గవర్నమెంటే ఇస్తుందంట. బ్యాంకులో మాత్రం ఇంటి కాగితాలు పెట్టమన్నారు, చిన్న పరిశ్రమలకిచ్చే 10 లక్షల లోపు లోన్‌కి తాకట్టు అడగకూడదనేది రిజర్వ్ బ్యాంక్ రూలే కదా సార్ అంటే ఆ బ్యాంకాయన కాసేపు నా మొహం చూసి ఫైలు తీసుకున్నాడు. మిషన్ల కొటేషన్ జీఎస్టీ నంబరుతో లేదని రెండుసార్లు తిప్పారు, అది ముందే చూసుకోండి.

ముక్కలు కోసే మిషన్ నిన్ననే దిగింది, మా అత్తమ్మ ఇంకా కత్తిపీట వదల్లా.