గలతీ 6:16లో ‘అనగా’: సంఘమే ఇశ్రాయేలా?

అంబత్తూరు తమ్ముడు: దేవుడు ఇశ్రాయేలుకు, అంటే యూదు ప్రజలకు, ఇచ్చిన వాగ్దానాలు ఇప్పుడు సంఘానివే (క్రైస్తవ విశ్వాసులవే) అని మా పాస్టరుగారు ఆదివారం బోధించారు. చూపించిన వాక్యం గలతీ 6:16, అపొస్తలుడైన పౌలు గలతీ సంఘాలకు రాసిన పత్రికలోది. తెలుగు బైబిల్లో "నడుచుకొను వారికందరికి, అనగా దేవుని ఇశ్రాయేలునకు" అని ఉంది. మా ఆవిడ తమిళ బైబిల్లో మాత్రం వాళ్ళమీదా, దేవుని ఇశ్రాయేలు మీదా అని విడివిడిగా ఉంది. ఏది సరి?

నెల్లూరు మనవడు: తెలుగే సరి. అన్యజనులకు (యూదులు కానివాళ్ళకు) సున్నతి అక్కర్లేదని చెప్పడానికే పౌలు ఆ పత్రిక రాశాడు. 3:28లో యూదుడని, గ్రీసు దేశస్థుడని తేడా లేదన్నవాడు చివర్లో మళ్ళీ రెండు గుంపులు చేస్తాడా?

రాయపురం అక్క: మూల గ్రీకులో ఆ ‘అనగా’ చోట ఉన్నది ‘కై’. మామూలుగా దాని అర్థం ‘మరియు’. ‘అనగా’ అని కూడా వస్తుంది, కాదనను, కానీ అది అనువాదకులు తీసుకున్న నిర్ణయం. ఆ ఒక్క మాట మీద ఒక జాతినే పక్కన పెట్టేస్తారా? రోమా 11 చదవండి. దేవుడు తన ప్రజలను విసర్జించెనా అంటే అట్లనరాదు అన్నాడు పౌలు.

కొళత్తూరు విశ్వాసి: కీర్తన 122:6. యెరూషలేము కోసం ప్రార్థిద్దాం.

నెల్లూరు మనవడు: ఆ రోమా 11లోనే దేవుని ప్రజలను పోల్చిన ఒలీవ చెట్టు ఒక్కటే అక్కా, రెండు లేవు. ఇశ్రాయేలు వేరు, సంఘం వేరు అని గట్టిగా గీత గీసింది 19వ శతాబ్దంలో డార్బీ అనే బైబిలు బోధకుడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు నోట్స్ దాన్ని ఇంటింటికీ చేర్చాయి.

రాయపురం అక్క: నేను డార్బీ పేరెత్తలేదే. అంతకుముందు సంగతి కూడా చెప్పండి మరి. 1543లో ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ యూదుల సమాజమందిరాలు తగలబెట్టమని రాశాడు. దేవుడు వాళ్ళను వదిలేశాడన్న బోధ అక్కడిదాకా తీసుకెళ్ళింది. వాళ్ళను దేవుడు తిరస్కరించినవాళ్ళుగా చూపకూడదని 1965లో కాథలిక్కుల వాటికన్ మహాసభ చెప్పాల్సి వచ్చింది.

‘పాలస్తీనాలోనూ క్రైస్తవులున్నారు’ అనే పేరుతో ఒకరు: 1948లో ఏర్పడిన దేశాన్ని, బైబిలు ఇశ్రాయేలును కలిపేయకండి.

నెల్లూరు మనవడు: అంటే నేను తగలబెట్టేవాడినా? మా తాత చెన్నైలోని పెరంబూరు వచ్చి స్థిరపడ్డాడు, నేను పుట్టింది ఇక్కడే. అయినా ఒక సంఘంలో కమిటీకి నిలబడితే "మీ తెలుగువాళ్ళు తర్వాత చేరినవాళ్ళు కదా" అని మొహమ్మీదే అన్నారు. దేవుని ఇంట్లో ముందు పిల్లలు, తర్వాత పిల్లలు అని ఎవరన్నా నాకు కడుపు మండుతుంది.

రాయపురం అక్క: ఆ మాట అన్నవాళ్ళది తప్పే తమ్ముడూ. నా భయం వేరు. మా ఆయన పోయాక నేను పట్టుకుని బతికిన వాక్యం యెషయా 54:10. పర్వతములు తొలగిపోయినను నా కృప నిన్ను విడిచిపోదు. అది మొదట యెరూషలేముతో చెప్పిన మాట. వాళ్ళ దగ్గర దాన్ని వెనక్కి తీసుకుంటే, నా దగ్గర నిలబెట్టుకుంటాడని నమ్మకమేంటి?

నెల్లూరు మనవడు: వెనక్కి తీసుకున్నాడని నేననలేదక్కా. మనల్ని కూడా అందులో కలిపాడంటున్నాను.

రాయపురం అక్క: కలిపాడంటే ఒప్పుకుంటాను. ఆ పాస్టరుగారు ‘సంఘానివే’ అన్నారట. ‘సంఘానివి కూడా’ అనలేదు. నా పేచీ అక్కడే.

అంబత్తూరు తమ్ముడు: రికార్డింగ్ మళ్ళీ విన్నాను. ‘సంఘానివే’ అనే ఉంది. బుధవారం ప్రార్థన అయ్యాక అడుగుతాను.