గ్రూప్ మెయిల్ మర్యాదలు: పెద్దవాళ్లకు ముందుగా ఏం చెప్పాలి?

బిళ్లలపెట్టె:
తపాలా బిళ్లల సేకరణ మీద నేను నడిపే ఈమెయిల్ గ్రూపు ఒకటుంది. సభ్యుల్లో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. బిళ్లల సంగతి క్షుణ్ణంగా తెలుసు గానీ కంప్యూటర్ అలవాటు తక్కువ. ఒకరికి రాసుకున్న సొంత మాట అందరికీ పోతోంది. ఫోటోలు పెట్టిన మెయిళ్లు తిరిగొచ్చేస్తున్నాయి. ఒకే ఉత్తరం రెండు మూడుసార్లు వస్తోంది. ఎవరినీ నొప్పించకుండా, ఒక్క పేజీలో పట్టేలా వీళ్లకు ఏం రాసివ్వాలి?

ఉత్తరాలసంచి:
మొదటి వాక్యం ఇదే పెట్టండి: "రిప్లై నొక్కాక, టైపు చేసేముందు 'టు' గడి చూడండి." అక్కడ మనిషి చిరునామా ఉందా, గ్రూపు చిరునామా ఉందా అన్నదే అసలు విషయం. "రిప్లై ఆల్ నొక్కకండి" అని చెబితే సరిపోదు. చాలా గ్రూపుల్లో జవాబులు గ్రూపుకే వెళ్లేలా నిర్వాహకులు పెట్టి ఉంచుతారు, అప్పుడు మామూలు రిప్లై కూడా అందరికీ పోతుంది. సొంత మాటైతే రిప్లై జోలికే పోకుండా కంపోజ్ నొక్కి, ఆ మనిషి చిరునామాతో కొత్త ఉత్తరం రాయమనండి.

జీమెయిల్ వాడేవాళ్లకు ఇంకో రక్షణ ఉంది. కంప్యూటర్‌లో సెట్టింగ్స్, సీ ఆల్ సెట్టింగ్స్, జనరల్‌లో, పంపిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకునే 'అన్‌డూ సెండ్' 5 సెకన్లకు ఉంటుంది, దాన్ని 30 చేయాలి. పేజీ అడుగుకి వెళ్లి సేవ్ చేంజెస్ నొక్కకపోతే మార్పు నిలవదు. చాలామంది ఆగిపోయేది అక్కడే.

దంతెలలెక్క:
ఒకే ఉత్తరం మళ్లీ మళ్లీ రావడానికి కారణం మతిమరుపు కాదండీ. గ్రూపుకి పంపిన మన ఉత్తరాన్ని జీమెయిల్ మళ్లీ మన ఇన్‌బాక్స్‌లో చూపించదు, పంపినవి ఉండే 'సెంట్' ఫోల్డర్‌లో ఉన్నదీ అదీ ఒకటే కాబట్టి. వెళ్లలేదనుకుని పాపం మళ్లీ పంపుతారు. "సెంట్‌లో కనబడి, 'ఉత్తరం చేరలేదు' అని మెయిలర్ డీమన్ పేరుతో ఏదీ తిరిగి రాకపోతే వెళ్లినట్టే లెక్క, ఒక రోజు ఆగండి" అని రాయండి. గ్రూపులో కొత్త సభ్యుల ఉత్తరాలు మీరు చూశాకే వెళ్లేలా ఉంటే ఆ సంగతి కూడా చెప్పాలి.

ఇక ఫోటోలు. జీమెయిల్ హద్దు 25 ఎంబీ. కానీ అటాచ్‌మెంట్ మెయిల్‌లోకి ఎక్కేటప్పుడు దాదాపు మూడో వంతు పెరుగుతుంది, కాబట్టి అసలు ఫైళ్లు అన్నీ కలిపి 18 ఎంబీ దాటకూడదు. గ్రూపు హద్దు అంతకంటే తక్కువ ఉండొచ్చు, సరిచూసుకుని ఆ అంకెనే పేజీలో వేయండి.

అసలు చిక్కు స్కానర్ దగ్గర మొదలవుతుంది. ఒక్క బిళ్ల పెట్టి అద్దం మొత్తం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే ఏ4 బొమ్మ సుమారు 4960 x 7016 పిక్సెళ్లు వస్తుంది, అందులో ముప్పాతిక పైగా ఖాళీ తెలుపే. 25 మిల్లీమీటర్ల బిళ్లకు అదే 600 డీపీఐలో వెడల్పు 600 పిక్సెళ్ల లోపే. ప్రివ్యూలో బిళ్ల చుట్టూ గీత గీసి అంతవరకే స్కాన్ చేసి, జేపెగ్‌గా దాచాలి. డీపీఐ మాత్రం తగ్గించనివ్వకండి, అంచుల్లో దంతెలు లెక్కపెట్టేవాళ్లకు అది కావాలి. బిళ్ల వెనక నల్లటి కాగితం పెట్టి, అంచు తెగిపోకుండా చుట్టూ కాస్త జాగా వదిలితే ఇంకా మంచిది.

బిళ్లలపెట్టె:
బిళ్ల వరకే స్కాన్ చేసే ఆ సంగతి చాలా ఉపయోగం. పాత ఉత్తరాలన్నీ కింద వేలాడటం మాటేమిటి?

ఉత్తరాలసంచి:
జీమెయిల్ ఆ పాత పాఠాన్ని మూడు చుక్కల వెనక దాచేస్తుంది, అందుకే పంపేవాళ్లకు కనబడదు. గ్రూపు ఉత్తరాలన్నీ కలిపి రోజుకొక్కసారి ఒకే మెయిల్‌గా, అంటే డైజెస్ట్‌గా, చదివేవాళ్లకు మాత్రం మొత్తం వచ్చి పడుతుంది. మూడు చుక్కలు నొక్కి, జవాబిస్తున్న రెండు మూడు వరుసలు ఉంచి, మిగతాది ఎంచుకుని డిలీట్ చేయాలి. డైజెస్ట్‌కు జవాబిస్తే సబ్జెక్ట్‌లో దాని సంఖ్యే ఉంటుంది, అసలు అంశం పేరు మార్చి రాయాలి.

కొత్త ప్రశ్నకు పాత ఉత్తరం తెరిచి రిప్లై కొట్టడం కూడా ఆపించాలి. సబ్జెక్ట్ మార్చినా కొన్ని మెయిల్ ప్రోగ్రాములు దాన్ని పాత సంభాషణ కిందే చేర్చి చూపిస్తాయి, తెలిసినవాళ్ల కంట పడక జవాబు రాదు. సబ్జెక్ట్ "చిన్న సందేహం" అని కాకుండా "రెండు రూపాయల ఎర్ర బిళ్ల, వాటర్‌మార్క్ తలకిందులు?" అన్నట్టు ఉండాలి.

దంతెలలెక్క:
ఒకటి తప్పనిసరిగా చేర్చండి. గ్రూపు వద్దనుకున్నవాళ్లు స్పామ్ బటన్ నొక్కకూడదు. కొందరు అలా నొక్కితే మిగతావాళ్ల మెయిల్ కూడా స్పామ్‌లోకి పోవడం మొదలవుతుంది. ఉత్తరం పైనో అడుగునో ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ వాడాలి, లేదా మీకే ఒక మాట రాస్తే మీరే తీసేస్తామని చెప్పండి. పెద్దవాళ్లకు ఆ రెండోదే తేలిక.

కృతజ్ఞతలను మాత్రం నిషేధించకండి, సాయం చేసినవారికే విడిగా పంపమనండి. ఎవరైనా పొరబడితే గ్రూపులో కాకుండా వారొక్కరికే రాయండి, ఒక ఉత్తరంలో ఒక్క విషయమే.